గుర్రాన్ని తీసేస్తే మనిషెంత

పోలో అంపైరుగా పనిచేసి రిటైరయ్యానంటే తిరుపతిలో ఎవరూ నమ్మరు. ఒకాయన "టీ షర్టుల వ్యాపారమా సార్?" అని అడిగాడు. ఇంకొకాయన, నీళ్ళలో ఈదుతూ ఆడేదే కదా అన్నాడు. విడమరచి చెప్పే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. అవునండీ, టీ షర్టులే అని తలూపి ఊరుకుంటాను. కానీ మొన్న ఒక పెళ్ళి ఊరేగింపులో ఒక మనిషిని చూసి వచ్చినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకని ఇది రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మీరు, ఏడాది చివర ఎవరో నలుగురు ఒక గదిలో కూర్చుని మీకు రేటింగు వేస్తారు చూడండి, మీరు చదివితే చాలు నాకు.

మాది పుత్తూరు దగ్గర పల్లె. కుర్రతనంలో సైన్యంలో చేరితే గుర్రాల దళంలో పడేశారు. గుర్రం అంటే భయపడి చచ్చేవాడిని. ఆ భయంతోనే స్వారీ నేర్చుకున్నాను, గుర్రం మీదనుంచి స్టిక్కుతో బంతి కొట్టే ఈ పోలో ఆడాను, వయసు మీదపడ్డాక విజిల్ పట్టుకున్నాను. పింఛను తీసుకుని ఊరికొచ్చి ఏం చెయ్యాలో తోచక ఇంట్లోవాళ్ళ ప్రాణం తీస్తున్న రోజుల్లో, ఏర్పేడు దారిలో ఒక పోలో క్లబ్బు వెలిసిందని తెలిసింది. చిత్తూరు పక్క మామిడికాయ జ్యూస్ ఫ్యాక్టరీలున్న ఒక యజమాని, బెంగుళూరులో ఎవరిదో ఆట చూసి వచ్చి, పంతం పట్టి మైదానం చదును చేయించాడు. చుట్టూ ఎర్రమట్టి, మధ్యలో పచ్చగడ్డి, దూరంగా కొండ. నన్ను అంపైరుగా పెట్టుకున్నారు. హ్యాండీక్యాప్ కమిటీలోనూ కూర్చోబెట్టారు.

ఈ హ్యాండీక్యాప్ సంగతి చెప్పకపోతే మిగతా కథ మీకు ఎక్కదు. పోలోలో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. నేర్చుకునేవాడికి మైనస్ రెండు, ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టగల మొనగాళ్ళకు పది. అది వాడు కొట్టిన గోల్స్ లెక్క కాదు. వాడు జట్టులో ఉంటే ఆ జట్టుకు ఎంత విలువ అని. స్వారీ, చూపు, దెబ్బ, బంతి ఎక్కడికి రాబోతోందో ముందే పసిగట్టే బుద్ధి, అన్నీ చూస్తారు. జట్టుకు నలుగురు. నలుగురి అంకెలూ కలిపితే జట్టు అంకె. ఎక్కువ అంకె ఉన్న జట్టు, తక్కువ అంకె జట్టుకు ఆట మొదలుకాక ముందే కొంత ఇచ్చుకోవాలి. అరగోలు కావచ్చు, ఒక గోలు కావచ్చు. బలహీనుడికి న్యాయం చెయ్యడానికి పెట్టిన పద్ధతి. కాగితం మీద చాలా బాగుంటుంది.

సీజను అయిపోయాక కమిటీ కూర్చుని ఒక్కొక్కరి అంకె పెంచాలా, దించాలా అని తేలుస్తుంది. మేము సిఫారసు చేస్తే పైవాళ్ళు దాదాపు అదే ఖాయం చేస్తారు. ఎందుకు పెంచారో, ఎందుకు దించారో ఆటగాడికి చెప్పరు. మా కమిటీలో ముగ్గురం. మదనపల్లె పక్క తోట కొనుక్కుని స్థిరపడిన ఒక రిటైర్డ్ కర్నల్, చిత్తూరు నుంచి వచ్చి క్లబ్బు గుర్రాలకు వైద్యం చేస్తూ తనూ ఆడే పశువుల డాక్టరమ్మ, నేను. కర్నల్‌కు ఒక అలవాటు. ఎవరి పేరు వచ్చినా మీసం కింద పెదవి బిగించి ఒకే ప్రశ్న అడిగేవాడు. "గుర్రాన్ని తీసేయండి. మనిషెంత?"

పోలోలో సగానికి పైగా గుర్రమే ఆడుతుంది. మంచి గుర్రం ఎక్కితే సన్నాసి కూడా శూరుడిలా కనిపిస్తాడు. కనక గుర్రాన్ని మనసులోనే కిందికి దించి, మిగిలిన మనిషిని కొలవాలి. నాకు ఆ ప్రశ్న అంటే గౌరవం ఉండేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే లేచి బయటికి వెళ్ళిపోతాను.

నేను మొదట్లో చెప్పిన ఆ మనిషి తిరుపతి రైల్వే స్టేషను ముందు జట్కా తోలిన ఆయన కొడుకు. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక కొడుకు మద్రాసు వెళ్ళి పందెపు గుర్రాలను సాకే సైసుగా కుదిరాడు. అక్కడినుంచి మా క్లబ్బుకు గుర్రాలు చూసుకోవడానికి వచ్చాడు. ఉదయంపూట గుర్రాలకు కసరత్తు చేయిస్తూ స్టిక్కు తిప్పేవాడు. సరదాగా ఒకరోజు ఆటలోకి దించారు. ఇక ఎవరూ అతన్ని బయట కూర్చోబెట్టలేకపోయారు. కొన్నేళ్ళకు అతని అంకె ఒకటయింది. యజమాని అతన్ని తన జట్టులోకి తీసుకుని నెల జీతం ఇచ్చాడు. గుర్రాలు మాత్రం అన్నీ యజమానివే. మైదానంలో నన్ను "సార్" అనేవాడు, మైదానం దాటితే "మామా" అనేవాడు. నాకు కొడుకులు లేరు. ఆ పిలుపు నాకు ఇష్టం.

పందేల్లో ఓడిపోయి ఎవరికీ అక్కర్లేక వచ్చిన ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని అతనే పోలోకి మలిచాడు. దాన్ని "అమ్మి" అని పిలిచేవాడు. స్టిక్కు చూస్తేనే బెదిరే గుర్రాన్ని, దాని పక్కన ఖాళీగా కూర్చుని కూర్చుని మనిషిని చేశాడు. కళ్ళెం లాగకుండా, నడుము ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు తిరిగేది.

ఒక మధ్యాహ్నం శాలలో అమ్మి కాలికి పట్టీ చుడుతూ తల ఎత్తకుండా అడిగాడు.

"మామా, ఒకటి అడుగుతా. కోప్పడొద్దు."

"అడుగు."

"నేనెంత?"

"ఒకటి."

"అది వాళ్ళు రాసింది. నువ్వు సూసినావు గదా ఇన్నేండ్లు. నీకు ఎంత కనపడతా ఉండా?"

కమిటీలో ఉన్నవాడు ఆటగాడితో అంకె గురించి మాట్లాడకూడదు. "నోరు మూసుకుని పని చూసుకోరా" అన్నాను. అతను నవ్వాడు.

"మా నాయన ముప్పై ఏండ్లు జట్కా తోలినాడు. ఆయన పేరు ఎవురికీ తెల్దు మామా. 'ఏయ్ జట్కా, వస్తావా' అనేవాళ్ళు. ఆయన కూడా అట్లే పలికేవాడు. నాకు పేరు పక్కన ఒక అంకె ఉండాది. అది గుర్రంది కాదు, నాది. సరైన అంకె యేందో తెలుసుకోవల్లని ఉండాది, అంతే."

"గిట్టలు శుభ్రం చెయ్" అని చెప్పి వచ్చేశాను.

చిక్కు ఎక్కడుందంటే, మా క్లబ్బులో జరిగే పోటీకి ఒక హద్దు ఉంది. నలుగురి అంకెలు కలిపితే నాలుగు దాటకూడదు. యజమాని అంకె మైనస్ ఒకటి, ఆయన కొడుకుది సున్నా. జైపూరు నుంచి డబ్బిచ్చి తెచ్చిన ఆటగాడిది మూడు. మనవాడిది ఒకటి. మొత్తం మూడు. వచ్చే ఏడాదికి ఇంకా గట్టివాడిని, నాలుగు అంకె ఉన్నవాడిని, యజమాని ముందే మాట్లాడుకున్నాడు. అప్పుడు మొత్తం సరిగ్గా నాలుగు. అంటే మనవాడు ఒకటిగానే ఉండాలి. రెండయితే జట్టు ఐదవుతుంది, అతను బయటికి పోవాలి. బాగా ఆడితే ఉద్యోగం ఊడుతుంది. ఇంత చక్కని ఏర్పాటు ఇంకెక్కడైనా చూశారా మీరు?

యజమాని చెడ్డవాడేమీ కాదు. సైసుల పిల్లలకు పుస్తకాలు కొనిచ్చేవాడు. ఫైనల్‌కు ముందు టీ తాగుతూ నా పక్కన కూర్చుని, "సార్, మావాడు ఒకటే గదా. ఒకటే ఉండనీండి. వానికీ అదే మంచిది, సంసారం ఉండాది" అన్నాడు. నేను బిస్కెట్టు ముంచుకుని తిన్నాను.

ఫైనల్ బెంగుళూరు నుంచి వచ్చిన జట్టుతో. వాళ్ళ అంకె మాకంటే ఒకటి తక్కువ కాబట్టి వాళ్ళకు ముందే అరగోలు ఇచ్చాం. నాలుగు చక్కర్ల ఆట, చక్కరుకు ఏడు నిమిషాలు, చక్కరు చక్కరుకూ గుర్రం మార్చాలి. నేను గుర్రమెక్కి బంతి వెయ్యడానికి వెళ్తుంటే యజమాని మనవాడికి చెప్పడం నా చెవిన పడింది.

"కప్పు మనకి రావల్ల. గోల్స్ జైపూరాయన కొడతాడు. నువ్వు మాత్రం ఎగరొద్దు. కమిటీ సూస్తా ఉంటాది. అర్థమైందా?"

"అయిందన్నా."

అర్థమైనట్టే ఆడాడు. మొదటి చక్కర్లో మూడుసార్లు బంతి దాకా వెళ్ళి కొట్టలేక వదిలేశాడు. రెండో చక్కర్లో అమ్మి మీద వచ్చాడు. అది పరిగెత్తాలని చూస్తుంటే ఇతను వెనక్కి లాగుతున్నాడు. ఎప్పుడూ కళ్ళెం లాగనివాడు లాగుతుంటే పాపం అది చెవులు వెనక్కి పెట్టి బిత్తరపోయింది. మూడో చక్కర్లో, కళ్ళెం ఎంత లాగినా లొంగని ఒక ముసలి గుర్రం ఎక్కాడు. అప్పుడే అతను ఎంతటివాడో నాకు తెలిసింది. బంతి ఎక్కడ పడబోతోందో అక్కడ మిగతా ఏడుగురికంటే ముందు అతనే ఉంటున్నాడు. ఆ మొండి గుర్రం మీద కూడా. తీరా కొట్టేటప్పుడు స్టిక్కు బంతికి బెత్తెడు ఎడంగా పోతోంది. ప్రతిసారీ అదే బెత్తెడు, అదే పక్క. చేతకానివాడి దెబ్బ ఒకసారి ఇటు పోతుంది, ఒకసారి అటు పోతుంది. అంత కచ్చితంగా తప్పాలంటే కొట్టడం బాగా వచ్చి ఉండాలి.

నాలుగో చక్కరు. మా వాళ్ళు నాలుగు, వాళ్ళు నాలుగున్నర. అరగోలుతో కప్పు పోయేలా ఉంది. జైపూరాయన్ని ఇద్దరు అంటిపెట్టుకుని కదలనివ్వడం లేదు. ఆఖరి గంటకు కాస్త ముందు బంతి మా గోలు దగ్గర విడిగా పడింది. దాని పక్కన ఉన్నది మనవాడు ఒక్కడే, అమ్మి మీద. యజమాని "నిదానం! నిదానం!" అని అరుస్తున్నాడు. ఎవరికి అరుస్తున్నాడో, ఏం నిదానమో ఆయనకే తెలియాలి.

అమ్మి కదిలింది. హ్యాండీక్యాప్ గురించి దానికి ఎవరూ చెప్పలేదు. బంతి కనబడితే వెళ్ళాలని ఇతనే నేర్పాడు, అది వెళ్ళింది. ఇతను కళ్ళెం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం బిగించాడు. నేను పక్కనే ఉన్నాను, ఆ పిడికిలి చూశాను. తరవాత వదిలేశాడు. మొదటి దెబ్బ కుడిపక్కనుంచి. రెండోది గుర్రం మెడ కిందుగా, ఎడమవైపుకు, పూర్తి పరుగులో. ఇద్దరు అడ్డొచ్చారు, ఇద్దరూ వెనకబడ్డారు. మూడో దెబ్బకు బంతి అవతలి గోలు స్తంభాల మధ్య ఎంత మెల్లగా దొర్లిందంటే నేను జెండా ఊపేవాడికేసి చూడాల్సిన పనే లేకపోయింది. నా జీవితంలో అంతకంటే మంచి ఆటలు చూశాను గానీ అంత అందమైన పరుగు చూడలేదు. అంపైరు చప్పట్లు కొట్టకూడదు కాబట్టి విజిల్ కొరికాను.

కప్పు యజమాని చేతికి వచ్చింది. ఫోటోలో నవ్వుతూనే ఉన్నాడు. ఆయన పక్కన మనవాడు నేల చూస్తున్నాడు.

మర్నాడు ఉదయం కమిటీ. అందరి పేర్లూ అయిపోయాయి. అతని పేరు దగ్గర ఆగాం.

"రెండు" అన్నాడు కర్నల్.

"ఒకటే ఉంచుదాం" అంది డాక్టరమ్మ. "నిన్న కొట్టింది అమ్మి. అందరం చూసినాం. దాని మీద కొత్తగా స్వారీ నేర్చుకునే పిల్లోడు కూర్చున్నా ఆ గోలు పడేది. పైగా రెండు చేస్తే ఏమైతాదో మీ ఇద్దరికీ తెలుసు. అతని భార్య మొన్న నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఎట్లన్నా ఒకటే ఉండేట్టు చూడమ్మా అని కాళ్ళు పట్టుకోబోయింది."

"సంసారాలకు అంకె వెయ్యమని మనల్ని కూర్చోబెట్టలేదు" అన్నాడు కర్నల్. నా వైపు తిరిగాడు. "గుర్రాన్ని తీసేయండి. మనిషెంత?"

మూడో చక్కరు నాకే తెలుసు. దూరంగా కూర్చున్నవాళ్ళకు బెత్తెడు తేడా కనబడదు. అమ్మి మీదే కాదు, ఆ ముసలి గుర్రం మీద కూడా అతను రెండే. అబద్ధం చెప్పి ఒకటి అనవచ్చు. డాక్టరమ్మ కళ్ళతోనే బతిమాలుతోంది. కానీ శాలలో అతను అడిగింది గుర్తొచ్చింది. ఒక మనిషి జీవితమంతా కలిపి అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. దాన్ని మింగెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"రెండు" అన్నాను.

డాక్టరమ్మ బ్యాగు తీసుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయింది. ఆ తరవాత నాతో మాట్లాడటానికి ఆమెకు చాలాకాలం పట్టింది.

పైనుంచి ఖాయమై వచ్చిన వారంలోనే యజమాని అతన్ని పిలిచి లెక్క తేల్చి పంపించేశాడు. ఆ సాయంత్రం మా ఇంటి గేటు చప్పుడయింది. తిట్టడానికి వచ్చాడనుకుని చెప్పులేసుకుని బయటికి వచ్చాను. చేతిలో మైసూరుపాకు పొట్లం ఉంది.

"రెండయినా మామా!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "మన పక్క నుంచి రెండు ఎవురన్నా ఉండారా? లేరు గదా?"

"లేరురా."

"మా నాయన ఉంటే సూపించుండేవాణ్ణి."

"మరి పని?" అన్నాను.

"రెండు అంకె ఉండేవాన్ని ఎవురో ఒకరు పిలవరా? దేశంలో ఇన్ని జట్లుండాయి. నువ్వు అట్ల మొగం పెట్టద్దు మామా. తిను."

తిన్నాను. నేను తిన్న స్వీట్లలో అంత చేదైనది ఇంకోటి లేదు.

ఎవరూ పిలవలేదు. బెంగుళూరుకు, హైదరాబాదుకు, జైపూరుకు నేనే ఫోన్లు చేశాను. అన్నిచోట్లా ఒకే మాట అడిగారు. "రెండు సరే, అతనికి ఎన్ని గుర్రాలున్నాయి?" ఆ స్థాయి ఆటగాళ్ళందరూ సొంత గుర్రాలతో వస్తారు. గుర్రాల్లేని రెండు ఎవరికి కావాలి? మా కమిటీ గదిలో గుర్రాన్ని తీసేసి మనిషిని కొలిచాం. బయట బజారులో కూడా గుర్రాన్ని తీసేసే కొలిచారు. వాళ్ళకు సున్నా వచ్చింది.

సైసుగానైనా పెట్టుకొమ్మని యజమానిని అడిగాను. "రెండు అంకె ఉండేవాడు పేడ ఎత్తితే బాగుంటాదా సార్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. అమ్మిని ఆయన కొడుకు ఎక్కాడు. నోరు చిరిగేలా కళ్ళెం లాగేవాడు. మరుసటి సీజన్లో దాని ముందుకాలి నరం తెగింది. ఎవరికో అమ్మేశారు. ఎక్కడికి పోయిందో కనుక్కోలేకపోయాను. మరికొన్నాళ్ళకు యజమానికి ఆట మీద మోజు తీరింది. మైదానంలో రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. నా విజిల్ ఇప్పుడు మా ఇంటి గోడకు మేకుకు వేలాడుతోంది.

నేను తప్పు చేశానని మీరు అనుకోవచ్చు. నేను అనుకోను. అతను రెండే. ఇప్పుడు అడిగినా రెండే అంటాను. నిజం చెప్తే మంచి జరుగుతుందని మాత్రం ఎవరూ నాకు చెప్పొద్దు.

మొన్న నాతో పనిచేసిన ఒక స్నేహితుడి మనవడి పెళ్ళికి కరకంబాడి రోడ్డులో కల్యాణ మండపానికి వెళ్ళాను. పొద్దుగూకే వేళ పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చింది. బ్యాండు, దీపాలు, డ్రోను, నానా హంగామా. పెళ్ళికొడుకు తెల్లగుర్రం మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. టపాసులు చెవిలో పేలుతున్నా గుర్రం మాత్రం అడుగు తడబడటం లేదు. గుర్రం అంత నెమ్మదిగా ఉంటే నా కళ్ళు దాన్ని నడిపించేవాడి చేతుల మీదికి పోతాయి, పాత అలవాటు. కళ్ళెం వదులుగా ఉంది. జరీ తలపాగా కింద అతనే. గడ్డం నెరిసింది.

బ్యాండు కాస్త ఆగినప్పుడు దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు.

"ఎట్లుండావురా?"

"బాగుండా సార్. ముహూర్తాలుంటే పనికి కొదవ లేదు." బ్యాండు వైపు ఒకసారి చూసి, "మా అమ్మి యాడుండాదో ఏమన్నా తెలిసిందా సార్?" అన్నాడు.

"లేదురా."

గుర్రం మెడ నిమిరాడు. తరవాత, ఎవరూ వినకూడదన్నట్టు దగ్గరికి వంగాడు.

"నన్ను తగ్గించినారా సార్?"

"ఆడనోడిని యాడ తగ్గిస్తారురా? ఆట చూస్తే గదా దించేది."

"అయితే ఇంకా రెండేనా?"

"రెండే."

అతని మొహంలో ఆ రోజు మా గేటు దగ్గర చూసిన వెలుగే మళ్ళీ కనిపించింది. ఏదో అనబోయాడు. ముందునుంచి బ్యాండు మేస్త్రీ చప్పట్లు కొట్టి అరిచాడు.

"ఏయ్ గుర్రం! ఆడ ఏం సేస్తా ఉండావు? ముందుకు రా!"

"వస్తా ఉండా" అని అతను పలికాడు.